“నేను” అనుట గర్వమా?

మధ్యాహ్న భోజనవేళ. రెండేండ్ల బిడ్డ తల్లి చేతిలోని ముద్దను త్రోసివేసి, “నేనే తింటా” అని కంచములో చేయి పెట్టును. సగము అన్నము నోటికి, సగము నేలకు పోవును. ప్రక్కనున్న పెద్దలలో ఒకరు ఆ చేతిమీద చరిచి, “ఇప్పుడే ఇంత పొగరా? మొక్కై వంగనిది మానై వంగునా?” అందురు. చుట్టునున్నవారు తల ఊపుదురు. ఈ దృశ్యము ఎరుగని ఇల్లు మన పల్లెలలో ఎన్ని గలవు?

ప్రియ చదువరులారా, ఆ దెబ్బ తప్పని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. బిడ్డ పలికినది పొగరు కాదు. మనిషి మనిషిగా ఎదుగుటలో అదియొక మెట్టు. దానిని విరిచి, వినయము నేర్పితిమని సంతోషించుట గొప్ప పొరపాటు.

“నేను” అను తలంపు పుట్టుకతోనే సంపూర్ణముగా రాదు. ఇతరుల ముఖములలో తన్ను చూచుకొనుచు బిడ్డ దానిని మెల్లగా నేర్చుకొనును. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును అతని తోటివారును ఒక పరిశోధనను ప్రచురించిరి. చంటిబిడ్డతో ఆడుచున్న తల్లి కొద్ది నిమిషములు ముఖములో ఏ భావమును లేక ఊరకుండెను. బిడ్డ నవ్వి, చేతులు చాచి, ఆమెను మరల తనవైపు త్రిప్పుకొనజూచెను. అది ఫలింపకపోగా మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను. మాటలు రాని పసివానికి సహితము తనకు బదులిచ్చు ముఖము కావలెను.

1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అను పరిశోధకురాలు పసిబిడ్డల ముక్కున ఎఱ్ఱరంగు పూసి అద్దము ముందు ఉంచెను. ఏడాదిలోపు బిడ్డలు అద్దములోనిది మరియొక బిడ్డయన్నట్లు దానితో ఆడుకొనిరి. ఇరువది నెలలు దాటినవారిలో ఎక్కువమంది తమ ముక్కునే తడుముకొనిరి. అనగా “అది నేనే” అని గ్రహించిరి. బిడ్డలందరు ఒకే నెలలో ఇట్లు చేయరు గనుక తల్లులు దినములు లెక్కించి కలవరపడనక్కరలేదు. అయితే గమనించుడి: ఇంచుమించు ఆ ప్రాయమందే “నాది”, “నేనే”, “వద్దు” అను మాటలు వచ్చును. పదిమంది తన్ను చూచుచుండగా సిగ్గుపడుటయు అప్పుడే మొదలగును. తన్ను తాను ఎరిగినవానికే గదా సిగ్గు! కాబట్టి ఆ వయస్సున మనము పెట్టిన అవమానము లోతుగా దిగును.

ఈ సంగతిని ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో వెలువరించిన గ్రంథమున స్పష్టపరచెను. 1902లో జర్మనీలో పుట్టిన ఈయన తన కన్నతండ్రిని ఎన్నడును ఎరుగడు; “నేనెవరిని?” అను ప్రశ్న ఆయనకు సొంత బాధయే. మానవ జీవితమును ఆయన ఎనిమిది దశలుగా విభజించెను. మొదటిది ఇతరులను నమ్ముట. రెండవది తన పని తాను చేయగలనను ధైర్యము. అది చెడినచో మిగులునవి సిగ్గును సందేహమును. బడి యీడున “నేను నేర్చుకొనగలను” అను భావము పెరుగవలెను. మనమో, “మొద్దువాడా, ఎదురింటి పిల్లవాని చూడు” అని ప్రతి దినము వినిపింతుము. పదేండ్లు విన్న పేరు వాని సొంత పేరగును. ఆ మీదట వాడు ప్రయత్నించుటలేదని మనమే విలపింతుము!

యౌవనమున “నేనెవరిని? ఏ పనికి తగుదును?” అని అడుగు కాలము వచ్చును. ఆ ప్రశ్న నోట రాకమునుపే మెడలో తాళి కట్టించు తండ్రులింకను గలరు. ఆడపిల్లకు 18, మగవానికి 21 ఏండ్లు నిండకుండ పెండ్లి చేయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టమునకు భయపడి ఆగుట మంచిదే. ఆ పిల్ల ఇంకను తన్ను తాను తెలిసికొనుచున్నదని గ్రహించి ఆగుట మరింత మంచిది.

“అట్లయిన పిల్లలను ఇచ్చవచ్చినట్లు విడిచిపెట్టుమందువా?” అని పెద్దలు అడుగుదురు. కాదు. రెండేండ్లవాడు నూతి గట్టెక్కిన ఎత్తి దింపవలెను. తోటివానిని కొట్టిన ఆపవలెను. హద్దు లేని బిడ్డ తన బలమెంతో తెలియక తానే బెదరును. కాని “ఈ పని తప్పు” అనుట వేరు, “నీవే పనికిమాలినవాడవు” అనుట వేరు. మొదటిది మొక్కను వంచుట, రెండవది దాని వేరు కోయుట. వంచిన మొక్క పెరుగును. వేరు తెగిన మొక్క వంగియే యుండును, నిజమే, ఎండిపోయినందున!

సిగ్గుతో పెరిగినవాడు వినయవంతుడగునని తలంచకుడి. వాడు పెద్దలయెదుట తల వంచి, చాటున తనకంటె చిన్నవారిమీద చేయి యెత్తును. నిజమైన వినయము తన్ను తాను ఎరిగినవానికే చెల్లును. ఇతరులకొరకు తన్ను అర్పించుకొనుమని మనము పిల్లలకు బోధింతుము. మంచిదే. కాని తనకు లేనిదానిని ఎవడు అర్పింపగలడు?

కాబట్టి తల్లులారా, తండ్రులారా, రేపు ఆ చిన్న చేయి కంచములో పడినప్పుడు చరచకుడి. నేల తుడుచుట ఒక నిమిషపు పని. “నేనే” అన్న ఆ మాటను విరిచినచో, దానిని మరల అతికించుట ఒక జీవితకాలపు పని.