మంచం పట్టిన ఏళ్లకు విడిగా డబ్బు ఉండాలి



మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఉన్నది 11 రోజులు. ఆ బిల్లులో చాలా భాగం బీమా భరించింది. డిశ్చార్జి తర్వాత 60 రోజుల మందులకూ ఇచ్చారు. అక్కడితో సరి. ఆ తర్వాత అమ్మ ఇంట్లో మంచం మీద ఉన్నది ఐదేళ్ల నాలుగు నెలలు.

పగలు చూసుకునే ఆయాకు నెలకు 16 వేలు, డైపర్లకు 4 వేలు, ఇక మందులు, ఫిజియోథెరపీ, ముక్కు గొట్టం మార్చడానికి వచ్చే నర్సు. అన్నీ కలిపి సగటున నెలకు 30 వేలు, మొత్తం 19 లక్షల పైమాట. ఊళ్లో పది సెంట్ల స్థలం అడిగిన రేటుకే ఇచ్చేశాం. రాత్రి మనిషిని పెట్టుకునే స్తోమత లేక నా భార్య ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మానేసింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆమె వదులుకున్న జీతం నేను రాసుకున్న లెక్కలో ఎక్కడా లేదు. మన ఇళ్లలో ఇలాంటి చాకిరీ ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది, దానికి ఎవరూ ఖరీదు కట్టరు.

ఇంకో దెబ్బ మేం ఊహించనిది. అమ్మ పేరున డిపాజిట్ ఉంది, నామినీని నేనే. కానీ నామినీకి డబ్బు చేతికొచ్చేది ఖాతాదారు పోయాకే. అమ్మ బతికే ఉంది, కుడిచెయ్యి సంతకం పెట్టలేదు. మూడు నెలలు బ్యాంకు చుట్టూ తిరిగాం. ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉమ్మడి ఖాతా ముందే పెట్టుకుని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

మన ఆరోగ్య బీమా దాదాపుగా ఆసుపత్రిలో చేరడం మీదే నడుస్తుంది. 70 ఏళ్లు దాటిన అందరికీ 2024లో కేంద్రం వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షలూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైన పేదలకు నెలకు 15 వేల పింఛను ఇస్తున్నారు. అది మంచి పని. మధ్యతరగతి మాత్రం తన ఏర్పాటు తానే చేసుకోవాలి. జపాన్‌లో 40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ దీర్ఘకాల సంరక్షణ బీమాకు చందా కట్టే పద్ధతి 2000 నుంచి ఉంది. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం.

45వ ఏట మొదలుపెట్టి నెలకు 3 వేలు దాచితే, 7 శాతం రాబడి లెక్కన 65 నాటికి 15 లక్షలు దాటుతుంది. అదే మొత్తం కోసం 55లో మొదలుపెడితే నెలకు 9 వేలు కావాలి. ఈ డబ్బు పిల్లల పెళ్లికీ ఇంటి మీద అంతస్తుకూ ముట్టుకోకూడదు. అవసరం పడకపోతే ఎలాగూ పిల్లలకే చేరుతుంది.

ఈ మాట ఎత్తితే మా బంధువులు "అశుభం పలక్కు, పైన తథాస్తు దేవతలుంటారు" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అమ్మ దగ్గర మేమూ అలాగే నోరెత్తలేదు. "పిల్లలు చూసుకుంటారులే" అనేవారికి కూడా ఒక మాట. మేం చూసుకున్నాం, ప్రేమతోనే చూసుకున్నాం. ప్రేమ ఉన్నంత మాత్రాన నెల మొదట్లో ఆయా జీతం సర్దుబాటు కాలేదు.

నాకిప్పుడు 56. నెలకు 9 వేలు విడిగా వేస్తున్నాను, ఖాతాలో నా భార్య పేరూ చేర్చాను. 45 ఏళ్లు దాటని పాఠకులారా, మీకు 3 వేలు చాలు. ఈ నెల జీతం నుంచే మొదలుపెట్టండి.

— ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ