తాతలనాటి మిద్దెకు ఏసీ

మహమ్మద్ నగర్ లాంటి ఊళ్లలో తాతలనాటి మట్టి గోడల ఇల్లు ఉన్నవాళ్లకు ఎండాకాలం వస్తే ఒకటే తర్జనభర్జన. ఏసీ పెట్టించుకోవాలా? పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోవాలా?

నిజానికి ఆ ఇంటి తప్పేమీ లేదు. దాదాపు 2 అడుగుల మందమున్న మట్టి గోడ పగటి వేడిని సాయంత్రం దాకా లోపలికి రానివ్వదు. పొద్దుగూకాక నెమ్మదిగా వదులుతుంది. అందుకే పెద్దవాళ్లు పగలు ఇంట్లో ఉండి, రాత్రి వాకిట్లో మంచాలు వేసుకునేవారు. ఇప్పుడు దోమలకు జడిసి రాత్రిళ్లూ లోపలే పడుకుంటున్నాం. తంటా అక్కడొచ్చింది!

ఇంగ్లండులోని పాత ఇళ్లవాళ్లదీ ఇలాంటి తంటాయే. కాకపోతే వాళ్ల బాధ చలితో. మన ఏసీని తిరగేసినట్టుండే హీట్ పంపును వాళ్లు పెట్టుకుంటున్నారు. ఏసీ గదిలోని వేడిని బయటికి తోడితే, అది బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ ఇంట్లోకి తోడుతుంది. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 3 యూనిట్ల వేడి. అక్కడి ప్రభుత్వం 2023 అక్టోబరులో దీనికిచ్చే సాయాన్ని 7,500 పౌండ్లకు పెంచింది. అయితే వారసత్వ జాబితాలోని ఇంటికి దాన్ని బిగించాలంటే ముందు అనుమతి కావాలి. అడక్కుండా ఇంటి రూపు మారిస్తే నేరం. పైగా బాయిలరులా భగ్గున వేడెక్కించదు కాబట్టి, ముందు సందులన్నీ మూసి తర్వాతే మిషను పెట్టుకోవాలి.

మన మట్టింటికి ఏ జాబితా లేదు, అడిగే అధికారీ లేడు. చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. పద్ధతి మాత్రం అదే... ముందు సందులు, తర్వాత మిషను. ఇల్లంతా వద్దు, పడగ్గది ఒక్కటి చాలు. దూలాల పక్కన సందుల్ని మట్టితోనో డంగు సున్నంతోనో మూయించాలి. సిమెంటు పూయిస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేక మట్టి గుల్లబారుతుంది. అన్నట్టు, ఏసీ టన్ను అంటే బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ పీల్చుకునేంత వేడిని తోడేస్తుందని లెక్క. పాత గదులకు కప్పు ఎత్తెక్కువ కాబట్టి, నేల కొలతే చూసి కొనకూడదు.

బయటి పెట్టెను మట్టి గోడకు వేలాడదీయకుండా నేలమీద స్టాండు వేసి పెట్టాలి. గోడకు పెట్టే రంధ్రంలో ప్లాస్టిక్ పైపు తొడిగి, బయటివైపు కాస్త వాలు ఉంచాలి. అన్నింటికన్నా ప్రమాదం కారే నీళ్లు. వాన కురిసి వెలుస్తుంది, ఇవి రాత్రంతా గోడ మొదట్లో పడుతూనే ఉంటాయి. ఆ గొట్టాన్ని దూరంగా ఏ జామచెట్టు పాదులోకో లాగేస్తే మేలు. పాత వైరింగు మీద ఏసీ నడపకూడదు. మీటరు నుంచి విడిగా లైను, ఎర్తింగు ఉండాల్సిందే.

సున్నం పని మాత్రం ఫాల్గుణంలోపే ముగించుకోవాలి. మే ఎండకు తడి చప్పున ఆరిపోయి సున్నం పగుళ్లిస్తుంది.