తక్కువ మార్కుల తలవంపు

డిగ్రీ కళాశాలలలోను, ఇంజనీరింగు కళాశాలలలోను సెమిస్టరు ఫలితములు వెలువడు దినములలో అధ్యాపకులు గమనించు వింత యొకటి కలదు. అంతవరకు మొదటి వరుసలో కూర్చుండిన విద్యార్థి గోడవైపు బల్లకు తరలిపోవును. సెలవులకు ఇంటికి పోవలసిన బాలిక ఏదో నెపము చెప్పి వసతిగృహముననే ఉండిపోవును. ఊరిలో మేనత్తకూతురి పెండ్లి యని కబురు వచ్చినను వెళ్లరు. అక్కడ పెదనాన్నయో, మేనమామయో నలుగురిలో "ఏమిరా, పర్సెంటేజీ ఎంత?" అని అడుగునని భయము. అడుగువానికి దురుద్దేశము సాధారణముగా ఉండదు. వర్షములు బాగుగా పడినవా యని అడిగినట్లే అడుగును. వినువానికి మాత్రము ఆ పూట అన్నము సహింపదు.

ఇది పసితనపు బెంగ యని త్రోసివేయదగినది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. వారందరును మార్కుల మూలముననే పోయిరని చెప్పుట న్యాయము కాదు. ప్రతి యింటి కథలోను చిక్కుముడులు పెక్కుండును. అయినను పరీక్షా ఫలితములు వచ్చిన వారమున తెలుగు పత్రికల జిల్లా పుటలు చదివిన వారెవ్వరును ఆ రెంటికి సంబంధము లేదనలేరు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు ప్రకటించినప్పుడు మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు చూపిరి. ఫలితముల తయారీలో తప్పులు దొరలినట్లు పిమ్మట బయటపడినది. ఒక బాలికకు తెలుగు పేపరులో సున్న యని ప్రకటించి, తరువాత 99 అని సరిదిద్దిరి. తప్పినవారి జవాబుపత్రముల నన్నిటిని ప్రభుత్వమే రుసుము లేకుండ మరల పరిశీలింపజేయగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. ఈలోగా ఇరువదికి మించిన పసిప్రాణములు పోయినవి.

దీనినిబట్టి తక్కువ మార్కులన్నియు పరీక్షకుల పొరపాట్లే యనుకొనరాదు. అది మరియొక ఆత్మవంచన. పెక్కు సందర్భములలో ఆ మార్కులు నిజమే చెప్పుచుండును. ఏ సంగతిని గూర్చి నిజము చెప్పుచున్నవన్నదే ప్రశ్న. నవంబరు నెలలో ఒక ఉదయము, మూడు గంటలసేపు, ఫలానా ఐదు ప్రశ్నలకు ఈ విద్యార్థి ఎంతవరకు జవాబు వ్రాయగలిగెనన్నది అవి చెప్పును. అంతకుమించి చెప్పవు. వాటిని వంశచరిత్రగాను, జాతకచక్రముగాను చదువుట మన ఇండ్లలో పట్టుబడిన అలవాటు.

మార్కులు తగ్గుటకు కారణమేమని విచారించినచో బద్ధకము, సినిమాలు, చేతిలోని ఫోను అని పెద్దలు వెంటనే చెప్పుదురు. వాటికిని పాలు లేకపోలేదు. కాని మన రెండు రాష్ట్రములలో ప్రత్యేకముగా కనిపించు కారణములు వేరే యున్నవి. ఇంటర్మీడియటు రెండేండ్లును బాలుని తెల్లవారుజామున గంట కొట్టి లేపుదురు, రాత్రివరకు స్టడీ అవర్సులో కూర్చుండబెట్టుదురు, వారము వారము పరీక్ష పెట్టుదురు. ఏమి చదువవలెనో, ఏది వదలవలెనో మరియొకరే నిర్ణయింతురు. ఆ వెంటనే వానిని డిగ్రీకో, ఇంజనీరింగుకో పంపుదురు. అక్కడ లేపువారుండరు, అడుగువారుండరు. స్వయముగా చదువుకొనుట యెన్నడును నేర్పనివానిని ఒక్కమారుగా స్వతంత్రుని చేసి, ఆరునెలలలో లెక్క చెప్పుమందురు. ఇక తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పల్లెటూరి విద్యార్థికి మొదటి సెమిస్టరు గణితము తెలిసినదే యైనను ఆంగ్లమున దాని ప్రశ్న కొత్తది. ఎప్‌సెట్ కౌన్సెలింగులో ఎవరో చెప్పిన బ్రాంచి యెన్నుకొనిన వాని సంగతి చెప్పనక్కరలేదు. వీరు మందబుద్ధులు కారు. నడుమ మెట్టు లేని మేడ యెక్కవలసి వచ్చినవారు.

మార్కులు తగ్గినందుకు విచారపడుట మంచిదే. ఆ విచారము మనుజుని పుస్తకము దగ్గరకు తెచ్చును. సిగ్గు మాత్రము పుస్తకమునుండి పారద్రోలును. సిగ్గుపడినవాడు మొదట మార్కుల జాబితాను దాచును. తరువాత ఆ పాఠము చెప్పిన అధ్యాపకుని కంటబడకుండ తిరుగును. రీవాల్యుయేషనుకు గడువు కొద్దిదినములే. ఇంటిలో డబ్బడుగ నోరురాక ఆ గడువు దాటిపోవును. సప్లిమెంటరీ రుసుము కట్టు తేదీయు అట్లే పోవును. ఒక్క పేపరు మూడగును, మూడు ఆరగును. చెడిన ఫలితమునకంటె దానిని దాచుటలో జరుగు నష్టమే యెక్కువ యని చెప్పుటకు అంకగణితము చాలును.

విశ్వవిద్యాలయముల నిధుల సంఘము సూచించిన పది పాయింట్ల పద్ధతిలో "ఓ" గ్రేడునకు 10, "ఏ ప్లస్" నకు 9, "ఏ" కు 8, ఇట్లు దిగుచు "పి" కి 4, తప్పినచో సున్న. ప్రతి పేపరునకు గల క్రెడిట్లతో ఆ పాయింట్లను హెచ్చవేసి, మొత్తమును క్రెడిట్లచే భాగించినచో సగటు వచ్చును. నాలుగేండ్ల చదువునకు 160 క్రెడిట్లు, ఏటికి 40 చొప్పున అనుకొందము. మొదటి యేట సగటు 5 వచ్చినవాడు తక్కిన మూడేండ్లు 7 చొప్పున తెచ్చుకొనినచో తుది సగటు 6.5 అగును. ఏడు పాయింట్లు అసాధ్యమైనవి కావు, ఓపిక గల సామాన్య విద్యార్థికి అందునవే. అదే మూడేండ్లవరకు 5.5 తో నెట్టుకొని వచ్చి, నాలుగవ యేట మేలుకొనినవానికి ఆ 6.5 చేరుటకు చివరి యేడు 9.5 కావలెను. ప్రథమ శ్రేణి విద్యార్థులకే అది దుర్లభము. దాచిన ప్రతి సెమిస్టరును వడ్డీతో పెరుగు అప్పు. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లమీద ఒక్కమారు వేసి చూపినచో ఎన్ని ఉపన్యాసములకైనను సాటియగును.

ఇక భవిష్యత్తు సంగతి. "మార్కులు లేకున్నను ఫరవాలేదు, ప్రతిభ చాలును" అని సభలలో పెద్దలు పలుకు తియ్యని మాటను మేము పలుకజాలము. కొన్ని తలుపులు మార్కులకే తెరచుకొనును. కళాశాలకు వచ్చి ఉద్యోగులను ఎంపిక చేసికొను పెక్కు సంస్థలు నూటికి అరువది మార్కులు కావలెనని, ఆనాటికి తప్పిన పేపరులు ఉండరాదని నియమము పెట్టుకొన్నవి. బి.ఇడి.లో చేరుటకు డిగ్రీలో నూటికి 50, కళాశాల అధ్యాపకత్వమునకు అర్హతనిచ్చు నెట్ పరీక్షకు పి.జి.లో నూటికి 55 ఉండవలెను. మేనేజిమెంటు విద్యకు క్యాట్ వ్రాయువారికి డిగ్రీలో 50 కావలెను. రిజర్వేషను గల వర్గముల వారికి కొంత సడలింపు కలదు. ఉపాధ్యాయుడు కాగోరు విద్యార్థి ఈ అంకెలను మొదటి యేటనే తెలిసికొనుట మేలు. నలుబదితొమ్మిది దగ్గర ఆగిపోయిన పిదప తెలిసికొని ప్రయోజనమేమి?

కాని తెరచియున్న తలుపులు తక్కువ కాదు. సివిల్ సర్వీసు పరీక్షకు గుర్తింపు గల విశ్వవిద్యాలయపు డిగ్రీ చాలును. అందు వచ్చిన శ్రేణిని అడుగరు. స్టేటుబ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షయు, తక్కిన ప్రభుత్వ బ్యాంకుల పరీక్షయు అట్టివే. రాష్ట్రముల గ్రూపు ఒకటి, గ్రూపు రెండు పరీక్షలలోను అధికభాగము ఉద్యోగములకు డిగ్రీయే అర్హత. ఈ పరీక్షలు సులభమైనవని కాదు. వాటిముందు పాత మార్కుల జాబితా సాక్ష్యము చెప్పదన్న మాటయే మా మాట. తలవంచుకొని తిరుగు విద్యార్థులలో ఈ నియమములను స్వయముగా చదివినవారెందరు? తమకు మూసివేసిన తలుపులేవో, తెరచినవేవో తెలియక, అన్నియు మూసిరనుకొని గుమ్మములోనే కూలబడువారే పెక్కుమంది.

పరీక్షలు తప్పిన మహానుభావుల కథలు చెప్పి విద్యార్థుల నోదార్చుట మనలో ఆచారమైపోయినది. శ్రీనివాస రామానుజన్ పేరు అందు మొదటిది. ఆ కథను చెప్పు తీరులోనే పొరపాటు కలదని మా అభిప్రాయము. ఆయన తప్పిపోయి గొప్పవాడు కాలేదు. తప్పినందువలన ఆయనయు, లోకమును నష్టపోయినవి. కుంభకోణము కళాశాలలో గణితము తప్ప తక్కినవి పట్టించుకొనక విద్యార్థివేతనము పోగొట్టుకొనెను. 1905లో, పదునేడేండ్ల యీడున, తల్లిదండ్రులకు చెప్పకుండ ఇల్లు విడిచి రైలెక్కి వచ్చిన ఊరు మన విశాఖపట్టణమే. కుమారుడు కనబడుటలేదని ఇంటివారు పత్రికలో ప్రకటన వేయించవలసి వచ్చినది. పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. పరీక్ష 1907లోను తప్పెను. అంతటి మేధావికిని ఆ సిగ్గు నేటి మన హాస్టలు విద్యార్థికి కలిగినట్లే కలిగినది. ఇల్లు విడిచి పారిపోవునంతగా కలిగినది. విద్యార్థికి ఆయనతో నిజమైన పోలిక యున్నది ఇక్కడనే. గణితమున కాదు!

ఆ తరువాతి భాగమును మనవారు త్వరగా దాటవేయుదురు. డిగ్రీ లేని రామానుజన్ తన లెక్కల నోటుపుస్తకమును చంకబెట్టుకొని తెలిసినవారి యిండ్లకు వెళ్లెను. నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావు ఆ పుస్తకమును చూచి, మొదట ఏమియు బోధపడకున్నను, పంపివేయక మరల మరల విని, కొంతకాలము నెలకు ఇరువదియైదు రూపాయలు తన చేతినుండి ఇచ్చెను. 1912లో మద్రాసు పోర్టుట్రస్టులో ముప్పది రూపాయల గుమాస్తా కొలువు దొరికినది. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరము వ్రాసెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. మార్కుల జాబితాలో చూపలేనిదానిని మరియొక విధముగా చూపుటకు ఆయన సిగ్గుపడలేదు. చూచుటకు తీరిక చేసికొనిన పెద్దమనిషి యొకడు దొరికెను. ఈ రెండును కూడినగాని కథ నడువదు. నేటి విద్యార్థులలో నోటుపుస్తకము తెచ్చి చూపువారు కొందరైనను ఉందురు. చూచు రామచంద్రరావులే కరవు.

ప్రసంగవశమున మరియొక సంగతి. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయము జరిపిన తొలి బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులైనవారు ఇద్దరే. వారిలో బంకించంద్ర చటోపాధ్యాయుడొకడు. వారిద్దరికిని కొన్ని మార్కులు కలిపి గాని ఉత్తీర్ణులను చేయలేదు. "వందేమాతరము" వ్రాసిన చేయి గ్రేసు మార్కులతో గట్టెక్కినదే యని తెలిసిన విద్యార్థి ఒక్కక్షణము నవ్వుకొనవచ్చును. అంతకు మించి ఆ కథలో ఉపదేశము వెదకనక్కరలేదు.

సిగ్గు విద్యార్థిలో తనంత పుట్టదు. నాటువారుందురు. జవాబుపత్రములను మార్కుల వరుసలో, ఎక్కువనుండి తక్కువకు, పేరు పిలిచి పంచు పద్ధతి నేటికిని పెక్కు తరగతులలో కలదు. చివరి పది పేర్లు పిలుచునప్పుడు గదిలో వినిపించు నవ్వు నలుబదియేండ్లు చెవులలో నిలుచును. ఆ పత్రములను మూసి చేతికిచ్చుటకు ఉపాధ్యాయునకు అదనపు శ్రమ యేమియు లేదు. మార్కులనుబట్టి సెక్షనులు విభజించుట, గోడమీద ర్యాంకుల పట్టిక అంటించుట ఇట్టివే. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచు మరణించిన ఒక విద్యార్థిని విషయమై తీర్పు చెప్పుచు, మార్కులనుబట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదని, నలుగురిలో అవమానింపరాదని, నూరుగురు విద్యార్థులు గల ప్రతి సంస్థలోను సలహాదారు నొకరిని నియమింపవలెనని ఆదేశించినది. శాసనము వచ్చువరకు ఆ ఆదేశములే శాసనమని చెప్పినది. మన ఊరి కళాశాలలో ఆ సలహాదారుడు ఉన్నాడా యని తల్లిదండ్రులు అడుగవచ్చును. అడుగువారు తక్కువగా ఉన్నారు.

ప్రభుత్వములు యత్నింపలేదనుట సరికాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రమున పదవ తరగతికి మార్కులు తీసివేసి గ్రేడులు పెట్టిరి. ర్యాంకుల పిచ్చి తగ్గునని తలచిరి. ఏమైనది? "పదికి పది తెచ్చుకొనిన వారు మా సంస్థలో ఇందరు" అను ప్రకటనలు పుట్టినవి. నేడు రెండు రాష్ట్రములును తిరిగి మార్కులకే వచ్చినవి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ర్యాంకుల ప్రకటనలను నిషేధించుచు ఉత్తర్వు చేసినది. ఇంటర్మీడియటు, ప్రవేశపరీక్షల ఫలితములు వచ్చిన మరునాడు పుటలకు పుటలు నిండు బొమ్మలను చూచినచో ఆ ఉత్తర్వులోని భావము ఎంతదూరము పోయినదో తెలియును. ఆ పుటలను అచ్చువేయునవి పత్రికలే. ఈ మాట పత్రికలోనే చెప్పవలసియున్నది. తపాలాబిళ్లంత బొమ్మలు వేయి కనిపించు ఆ పుటను, బొమ్మ లేని లక్షలమంది పిల్లలు తమ ఇంటి అరుగుమీద, తండ్రి ప్రక్కన కూర్చుండి చూతురు.

తండ్రుల మాటయు చెప్పవలెను. ఎకరము తాకట్టు పెట్టి కొడుకును చదివించువాడు మార్కులడుగుట తప్పు కాదు. అది ఆయన హక్కు. అడుగుటకు కాలము, స్థలము కలవు. పెండ్లిపందిరి ఆ స్థలము కాదు. "ఎన్ని తప్పినవి?" అని అడిగిన తండ్రికి ఒక అంకె జవాబుగా వచ్చును, అదియు అబద్ధపుటంకె కావచ్చును. "ఏ పాఠము దగ్గర ఆగిపోయితివి? ట్యూషను కావలెనా? రుసుము ఎప్పటిలోగా కట్టవలెను?" అని అడిగిన తండ్రికి పిల్లవాడు నిజము చెప్పును. చదువురాని తండ్రియైనను అడుగదగిన ప్రశ్నలే ఇవి.

మాటలాడుటకు ఇంటిలోను, కళాశాలలోను ఎవ్వరును లేరని తోచిన విద్యార్థికి, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును, డబ్బు పుచ్చుకొనరు. ర్యాంకుల పట్టిక అంటించు గోడమీద ఈ ఐదంకెల సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ప్రధానోపాధ్యాయులు ఎవరి యుత్తర్వు కొరకును వేచియుండనక్కరలేదు. ప్రక్కనే సప్లిమెంటరీ రుసుము చివరితేదీని కూడ వ్రాయించిన మరియు మేలు.