నిశ్శబ్దము ఎవరి సొత్తు?

జేబులో నిముడు సంగీత యంత్రములు పాటకు చేయు అపచారములు రెండు. లేని ఖాళీని సంగీతము నడుమ కల్పించుట యొకటి. ఉన్న ఖాళీని మ్రింగివేయుట రెండవది. మొదటిదానిని లోకము లోపమని గుర్తించి, ఆలస్యముగానైనను దిద్దుకొన్నది. రెండవదానికి క్రాస్‌ఫేడ్ అని పేరుపెట్టి, సౌకర్యమని చెప్పి శ్రోతకు అంటగట్టుచున్నది. రెండవదానిని మెచ్చుకొనువారికి మొదటిదానిని నిందించు అర్హత లేదు.

మొదటి అపచారము ఎట్లు పుట్టినదో చూడవలెను. కాంపాక్ట్ డిస్కుపై సంగీతము సెకనునకు 44,100 మాదిరుల చొప్పున ఎడతెగని ధారగా నుండును. పాటల సంఖ్యలు ఆ ధార ప్రక్కన పాతిన మైలురాళ్ల వంటివి. రాయి వచ్చినదని బండి ఆగదు. ఎంపీ3 పద్ధతిలో ప్రతి పాటయు వేరొక ఫైలు. ఆ పద్ధతి ధ్వనిని 1152 మాదిరుల మూటలుగా, అనగా సుమారు 26 మిల్లీసెకనుల తునుకలుగా కట్టును. చివరి మూట నిండనిచో నిశ్శబ్దముతో నింపును. మొదటి మూటకు ముందును కొంత నిశ్శబ్దము చేర్చును. కుంచము నిండుటకు ధాన్యము చాలనపుడు ఊక కలిపి కొలుచు వర్తకుని పద్ధతి యిది. కలిపిన ఊక యెంతయో వ్రాసిపెట్టినచో తరువాత చెరిగి వేరు చేయవచ్చును. మూల పద్ధతిలో ఆ వ్రాతకు చోటు లేదు. లేమ్ అను ఎన్‌కోడరును రచించినవారు ఫైలు మొదట ఒక చీటీ చేర్చి అందులో ఆ లెక్క వ్రాసిన పిమ్మటనే యంత్రములకు ఊక తీయు వీలు కలిగినది. ఆగ్ వార్బిస్, ఫ్లాక్ పద్ధతులలో పాట నిడివి మాదిరితో సహా లెక్కింపబడియే యుండును.

ఇరువదియారు మిల్లీసెకనులకు ఇంత రభసయా యని అడుగువారు కలరు. తబలాపై ద్రుత త్రితాళము నడచుచుండగా సెకనునకు నాలుగైదు మాత్రలు దొరలును. అట్టి చోట ఈ ఊకకు తోడు, తరువాతి ఫైలును వెదకి తెరచుటకు యంత్రము తీసికొను వ్యవధియు చేరినచో, లయ తెగినదని సంగీతము నేర్వనివాడును గ్రహించును.

హిందుస్తానీ వాద్యసంగీతమున ఆలాపము, జోడ్, ఝాలా, గత్ అనునవి ఒకే రాగము పెరుగు దశలు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కొఱకు పాడిన నాటినుండి అర్ధశతాబ్దము మన విద్వాంసులు రాగమును మూడు నిమిషముల కొలతకు కత్తిరించుకొనిరి. పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషున ప్రకటించుటకు కూడ ఆ కొలతలోనే చోటు చేసికొనవలసివచ్చెను! 1955లో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోదు వాదనము, యెహూదీ మెనూహిన్ పరిచయవాక్యములతో, అమెరికాలో లాంగ్ ప్లే రికార్డుగా వెలువడినది. ముఖమునకు ఒక రాగము. రాగమునకు చెర విడిచినది. మరి యొక అర్ధశతాబ్దము గడచునప్పటికి జేబు యంత్రము వచ్చి జోడ్‌కును ఝాలాకును నడుమ మరల తలుపు మూసినది. బీథోవెన్ ఐదవ సింఫనీలో మూడవ భాగము ఆగకయే నాల్గవ దానిలో ప్రవేశించును; ఆ గడపలోనే యంత్రము తొట్రుపడెడిది. 2001 అక్టోబరులో వెలువడిన ఐపాడ్ వేయి పాటలను జేబులో మోయగలదని దాని తయారీదారులు చాటిరి. వానిని తెగకుండ వాయించుట 2006 సెప్టెంబరు వరకు దానికి చేతకాలేదు. 2003లోనే రియో కర్మా అను యంత్రము ఆ పని చేసి చూపినది గనుక, అసాధ్యమను సాకు చెల్లదు.

ఆ కాలమున కొందరు ఒక ఉపాయము పన్నిరి. ఖాళీని తొలగించుట మాని, పాట చివరను తరువాతి పాట మొదటితో కప్పిరి. గోడ బీటను పూడ్చక దానిపై పటము తగిలించుట వంటిది. బీట పూడినది, పటము మిగిలినది. 2022లో ఐపాడ్ తయారీ నిలిచిపోయినను అలవాటు మొబైలు ఫోనునకు సంక్రమించినది. స్పాటిఫైలో ఒక పాటపై మరియొక పాటను 12 సెకనుల వరకు పరచుకొనవచ్చును. ఎచ్చట పరచవలెనో చెవి నిర్ణయింపదు, గడియారము నిర్ణయించును.

ఆ పన్నెండు సెకనులలో జరుగునదేమి? కర్ణాటక సంగీతమున పురుషులు సాధారణముగా ఒకటి శ్రుతి ప్రాంతమున, స్త్రీలు అయిదు శ్రుతి ప్రాంతమున పాడుదురు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాట ముగియుచుండగా బాలమురళీకృష్ణ పాట మొదలగునని యనుకొందము. రెండు తంబురలు కలహమునకు దిగును. శ్రుతి ఒకటే యైనను మేలు లేదు: తోడిలోని సాధారణ గాంధారముపై మోహనలోని అంతర గాంధారము వచ్చి కూర్చుండును. ఇద్దరు విద్వాంసులను ఒకే వేదికపై ఒకేసారి వేర్వేరు రాగములు పాడుమని కోరిన సభా నిర్వాహకుని రసికులు బయటికి సాగనంపుదురు. యంత్రము అదే పని చేసినచో అమరిక యందురు. త్యాగరాజ కృతిలో చరణము ముగించి, పల్లవిని మరల అందుకొని, గాయకుడు గొంతు దించిన పిమ్మట తంబుర ఒంటరిగా కొంతసేపు మ్రోగును. ఆ మ్రోతయు కృతిలోనిదే. సాహిత్యము తెలుగైనందున మాట యర్థము మనస్సున దిగునది తెలుగు శ్రోతకు అప్పుడే. క్రాస్‌ఫేడ్ మొట్టమొదట తినివేయునది దానినే.

ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ చివరి పంక్తిపై నిరాలా కవిత మొదటి పంక్తిని అచ్చువేసి, పుట త్రిప్పు శ్రమ తప్పించితినని ఏ ప్రచురణకర్తయైన చెప్పుకొనునా?

నృత్యశాలలో రికార్డులు త్రిప్పువారి ఉదాహరణము ప్రతిపక్షులకు మిక్కిలి ప్రియము. వారు రెండు పాటల వేగమును సరిచూచి, చెవియొగ్గి, చేతితో కలుపుదురు. అది వారి విద్య, దానిపై ఆక్షేపణ లేదు. బీటిల్స్ బృందము 1969 నాటి 'అబీ రోడ్' రెండవ ముఖమున, పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'లో పాటలను తామే అతికిరి. అచ్చట యంత్రము చేయవలసినది అడ్డురాకుండుటయే. ఇక నిశ్శబ్దము విసుగు పుట్టించునను వాదము. 1957 నుండి వివిధభారతి పాటకును పాటకును నడుమ గాయకుని పేరు, కవి పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పుచు వచ్చినది. విసుగుచెంది రేడియో కట్టివేసినవారు ఎందరు? క్రాస్‌ఫేడ్ వేగమున, ముగిసిన పాట ఎవరిదో చూచుకొనునంతలో మరియొకరి గొంతు చెవిలో పడును.

స్వచ్ఛంద కార్యకర్తలు రచించిన రాక్‌బాక్స్ అను సాఫ్ట్‌వేరులో, షఫుల్ పద్ధతిని పాటలు కలగలిపి విన్నపుడు మాత్రమే క్రాస్‌ఫేడ్ పనిచేయునట్లు నియమించుకొనవచ్చును. వరుసగా విన్నపుడు కచేరీ చెక్కు చెదరదు. ఈ భేదమును ప్రతి తయారీదారుడును ముందుగానే పాటించి యంత్రమును శ్రోత చేతికీయవలెను. తోడి మోహనల కలహము అప్పటికిని తీరదు. అయినను ఫైలులోని చీటీలో సంగీతప్రకారమును వ్రాయుటకు ఒక గడి కలదు. శాస్త్రీయమని అందుండినచో రెండు పాటలను కలుపక విడిచిపెట్టుట యంత్రమునకు బరువైన పని గాదు.