ఓసీడీ టెస్టు ఫోన్ల ఉన్నది, డాక్టరు యాడున్నడు?

ఈ మధ్య ఫోన్ తెరిస్తే సాలు, "నీకు ఓసీడీ ఉన్నదా? 10 సెకన్లల్ల తెలుసుకో" అనే రీల్స్ వస్తున్నయి. వంకరగ వేసిన టైల్సు చూపెడ్తరు, వరుసల రంగు కలవని ఒక్క పెన్సిలు చూపెడ్తరు. నీకు చిరాకు లేస్తే ఓసీడీ ఉన్నట్టేనట. కింద మన పోరగాళ్లు "నాకు పక్కా ఉన్నదన్నా" అని నవ్వు బొమ్మలు పెడ్తున్నరు. అదే ఊర్ల, అదే వయసుది ఇంకో పిల్ల అర్ధరాత్రి దుప్పటి కప్పుకొని ఫోన్ల అదే మాట వెతుకుతుంటది. ఆ పిల్లకు నవ్వు రాదు. నేను రాసేది ఆ పిల్ల కోసం.

ముందుగాల ఇది ఏందో తెల్వాలె. ఓసీడీల రెండు ముక్కలుంటయి. ఒకటి, వద్దన్నా మళ్ల మళ్ల మనసుల దూరే ఆలోచన. రెండోది, ఆ ఆలోచన పుట్టిచ్చిన బుగులు తగ్గెతందుకు చేసే పని. కడుగుడు, చూసుడు, లెక్కవెట్టుడు, మనసులనే ఏదో జపించుడు, పక్కోళ్లను "ఏం కాదు కదా" అని అడుగుడు. పని చేయంగనే జర నిమ్మళమైతది. గా నిమ్మళమే ఉచ్చు. నిమ్మళమైందని మనసు దాన్నే నేర్చుకుంటది, మల్లొకసారి బుగులు వెట్టి అదే పని చేయిస్తది. ఇట్ల గంటలు గంటలు పోతయి. పని అర్థం లేనిదని ఆ మనిషికి సుత ఎరుకే. అయినా ఆపలేడు. ఎరుకై ఆపలేకపోవుడే అసలు నొప్పి.

మన దిక్కు దీనికి అతకనియ్యని ముద్ర ఒకటి పడ్డది. 2017ల 'మహానుభావుడు' సినిమా వచ్చింది, హీరోకు ఓసీడీ, జనం మస్తు నవ్విన్రు. ఆ మూడక్షరాలు ఊర్లదాంక చేరినయంటే ఆ సినిమా పుణ్యమే, అది ఒప్పుకోవాలె. కానీ అతి శుభ్రమే ఓసీడీ అన్న లెక్క సుత అండ్లకెల్లే వచ్చింది. చేతులు కడుగుడు ఒక తీరు మాత్రమే. మోటరు స్టార్టరు బంద్ చేసిన్నా లేదా అని రాత్రి నాలుగుసార్లు బాయికాడికి పోయొచ్చేటోడున్నడు. బండి మీద వస్తుంటే గుంతల చక్రం దిగుతది, "ఎవరినన్న గుద్దిన్ననేమో" అని మల్ల వెనక్కి తిరిగిపోయి రోడ్డంత చూసొస్తడు. పురుగుల మందు కొట్టినంక చేతులు సబ్బుతోని కడుక్కోవాలె, అది జాగ్రత్త. మందు కొట్టి పది దినాలైనా బిడ్డను ఎత్తుకోను బుగులైతే, అది వేరే సంగతి.

ఇంకా లోపటి తీర్లున్నయి. ఎవ్వరూ బయటికి చెప్పరు. గుడ్ల దండం వెడ్తుంటే దేవుని మీదనే బూతు మాట మనసుల మెరుస్తది. కొడవలి చేతుల ఉంటది, పక్కన పసిపిల్ల ఆడుతుంటది, "కోస్తనేమో" అన్న ఆలోచన వస్తది. తల్లి వణికిపోతది. ఇంట్ల కత్తులన్ని దాస్తది, పిల్ల కాడ ఒంటరిగ ఉండనని మొండికేస్తది. ఇట్లాంటి పాడు ఆలోచనలు ఒకటిరెండుసార్లు మామూలు మనుషులకు సుత వస్తయి, వచ్చి పోతయి. ఓసీడీ ఉన్నోళ్లకు అవి అతుక్కుంటయి. "నేను గిసుంటి మనిషినా" అని వాళ్లను వాళ్లే కోసుకుంటరు. ఆ ఆలోచనంటే అంత అసహ్యం ఉండవట్టే అంత బుగులు. ఈ ఒక్క సంగతి తెల్వక ఎందరు నోరు మూసుకొని కుములుతున్నరో.

ఇగ టెస్టుల ముచ్చట. రీల్స్ పక్కన వెట్టున్రి, అసలు టెస్టులు వేరే ఉన్నయి. అమెరికా డాక్టర్లు 1989ల యేల్-బ్రౌన్ స్కేలు అని ఒకటి తయారు చేసిన్రు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. అది డాక్టరు ఎదురుంగ కూసోవెట్టి అడిగేది. 2002ల వచ్చిన ఓసీఐ-ఆర్ అనేది మనకు మనమే నింపుకునేది, 18 ప్రశ్నలు, 72 మార్కులు. 21 గానీ అంతకంటె ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపెట్టుకోవాలె అని గుర్తు. దాటిన్రని జబ్బు ఉన్నట్టు రాసిచ్చినట్టు కాదు. దాటలేదని ఏమీ లేనట్టూ కాదు. జరం ఉన్నదని థర్మామీటరు చెప్తది, అది మలేరియానా టైఫాయిడా అన్నది చెప్పదు కదా.

నాకు నచ్చింది యేల్-బ్రౌన్ వాళ్లు ప్రశ్న వేసే తీరు. నీకు ఏ ఆలోచన వస్తది అని మార్కులెయ్యరు. దినాల ఎంతసేపు తింటది, నీ పనిని ఎంత చెడగొడ్తది, ఎంత బాధ వెడ్తది, నువ్వు ఎంత ఎదురు నిలుస్తవు, నీ అదుపుల ఎంత ఉంటది అని అడుగుతరు. ఆలోచనకు ఓసారి, పనికి ఓసారి, అవే ఐదు. టైల్సు వంకర చూసి చిరాకైనోనికి ఈ ఐదింట్ల ఒక్కటి తగలదు. డాక్టర్లు సుత దినాల గంటకంటె ఎక్కువ పోతున్నదా, లేదంటె సదువు, పని, సంసారం దెబ్బతింటున్నయా అనేదే ముందుగాల చూస్తరు.

ఈ టెస్టుల మీద నాకొక కొట్లాట సుత ఉన్నది. ప్రశ్నలన్ని తలుపు గడియ, గ్యాస్ నాబు, వస్తువుల వరుస అన్నట్టు ఉంటయి. మన ఇండ్లల్ల మైల, మడి, దిష్టి, ఎంగిలి అనే మాటలకెల్లి పుట్టే బుగులు అండ్ల యాడ దొరుకుతది? నెలసరి మూడు దినాలు అయిపోయినా "ఇంక పోలేదు" అని పదిసార్లు తానం చేసే ఆడపిల్లను ఇంటోళ్లు "ఎంత పద్ధతి గల్ల పిల్ల" అని మెచ్చుకుంటరు. జబ్బును పద్ధతి అనుకునే కాడ ఏ టెస్టు పనిచేస్తది?

ఇంకో ప్రమాదం ఎవ్వరూ చెప్తలేరు. ఓసీడీ ఉన్నోళ్లకు ఆ టెస్టే ఇంకో రోగమైతది. ఒకసారి నింపుతరు, మార్కులు వస్తయి. "సరిగ నింపిన్ననా?" మల్ల నింపుతరు. ఇంకో సైటుల ఇంకోటి. రాత్రి రెండింటిదాంక ఇదే పని. పక్కోళ్లను అడుగుడు ఎట్లనో, ఇది గట్లనే. అందుకే టెస్టు ఒక్కసారి నింపున్రి, తీసుకపోయి మనిషికి చూపియ్యిన్రి.

గా మనిషి యాడున్నడు అన్న కాడ నా అసలు కోపం షురూ అయితది. 2015-16ల నిమ్హాన్స్ వాళ్లు దేశమంత మానసిక ఆరోగ్య సర్వే చేసిన్రు. పెద్దోళ్లల్ల ఓసీడీ 0.8 శాతం దాంక ఉన్నదని తేలింది. 2 వేల మంది పెద్దలున్న ఊరికి అదే లెక్క వేస్తే 16 మంది. మానసిక జబ్బులున్నోళ్లల్ల జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందుతలేదని అదే సర్వే చెప్పింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాలల్ల తెలంగాణ లేదు, ఆంధ్ర లేదు. మన లెక్క మనకే తెల్వదన్నట్టు.

మా మండలంల ఒక పిల్లగాడు, ఐటీఐ సదివేటోడు. రాసిన పేపరును మల్ల మల్ల చూసుకుంట టైము అయిపోయి రెండేండ్లు పరీక్ష తప్పిండు. ఇంటోళ్లు బద్ధకం అన్నరు, తరువాత గాలి సోకింది అన్నరు. తాయెత్తులు, దర్గా, ఒక స్వామి, ఒక యాటపోతు. ఊరి డాక్టరు నిద్రగోళీలు ఇచ్చిండు. ఐదేండ్లయినంక ఎవరో చెప్తే పట్నం పెద్ద దవాఖానకు పోయిండు, అప్పుడు పేరు దొరికింది. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ అసుంటి మందులు దీనికి వాడ్తరు, గుణం కనవడెతందుకు రెండు మూడు నెలలు పడ్తది. పది దినాలు మింగి "లాభం లేదు" అని బంద్ చేసేటోళ్లే మన దిక్కు ఎక్కువ. మందుతోని పాటు ఒక తీరు శిక్షణ ఉంటది. బుగులు పుట్టిచ్చే దానికి మెల్లమెల్లగ ఎదురుంగ నిలవెడ్తరు, కడుగనియ్యరు, చూడనియ్యరు, బుగులు దానంతటదే దిగేదాంక పక్కన ఉంటరు. ఇది నేర్పే సైకాలజిస్టు పట్నంలనే ఉంటడు. ఆ పిల్లగానికి మందు దొరికింది, శిక్షణ దొరకలేదు. ఒక్కోసారి పోను రాను ఒకదినం కూలి పోతది. అయినా ఇప్పుడు పేపరు ఇడ్సివెట్టి బయటికి వస్తున్నడు.

చట్టం మాత్రం బలంగనే ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నెల నుంచి అమలు. దాని 18వ సెక్షన్ల వైద్యం పొందుడు మన హక్కు అని రాసిన్రు. జాబితాల ఉన్న మందులు సర్కారు దవాఖానల ఎప్పుడూ ఉచితంగ ఉండాలె. జిల్లాల సర్కారు సేవ లేకుంటే, అదే జిల్లాల వేరే తాన చూపెట్టుకున్న ఖర్చు సర్కారే భరించాలె. ఈ ముక్క ఎంతమందికి ఎరుక? 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416 ఉన్నది. రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు, పైసలు పడవు. ఇంట్ల చెప్పను మొకం చెల్లనోళ్లకు అది మంచి తొవ్వ. చచ్చిపోవాలె అనే ఆలోచన వస్తుంటే మాత్రం రేపటిదాంక ఆగకున్రి, ఇప్పుడే ఆ నంబరు కొట్టున్రి, పక్కన ఒక మనిషిని కూసోవెట్టుకోన్రి.

డాక్టరు కాడికి పోయే ముందుగాల ఒక వారం నోటుబుక్కుల రాసుకోన్రి. దినాల ఎంతసేపు పోయింది, ఏ పని ఆగింది, ఎంతకాలం సంది ఉన్నది. ఆలోచన ఏందో రాయను సిగ్గైతే దాన్ని వదిలిపెట్టున్రి. ఓపీల రెండు నిమిషాలే దొరుకుతయి, అండ్ల ఏడ్వకుంట చెప్పెతందుకు ఆ కాయితం పనికొస్తది.

మా జిల్లా దవాఖానల మానసిక డాక్టరు ఏ వారం ఉంటడో గేటు కాడ బోర్డు లేదు. ఓపీ ఏ దినాలు, పోయిన ఏడాది ఏ మందు ఎన్ని నెలలు లేకుండె, సైకాలజిస్టు పోస్టు ఉన్నదా, ఉంటే నిండిందా అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. మీ మీ జిల్లాలల్ల మీరు సుత ఇవే నాలుగు ప్రశ్నలు పెట్టున్రి, జవాబులు వచ్చినంక ఇక్కడనే పక్కపక్కన పెట్టి చూద్దాం.