హీరోకి స్వగతం లేదు

షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ రెండో అంకంలో పెళ్ళంటే గిట్టని బెనెడిక్ తోటలోకి ఒంటరిగా వస్తాడు. ప్రేమలో పడ్డ స్నేహితుడు క్లాడియోని ప్రేక్షకులమైన మన దగ్గర తెగ వెటకరిస్తాడు. తన మనసుకు నచ్చాలంటే ఆడదానికి అందం, తెలివి, డబ్బు, సంగీతం అన్నీ ఉండాలంటాడు. జుట్టు రంగు మాత్రం దేవుడికి వదిలేస్తాడు, పాపం! అంతలో స్నేహితులు రాగానే దాక్కుంటాడు. ఎప్పుడూ చురకలు వేసే బియాట్రిస్ బెనెడిక్ కోసం కుమిలిపోతోందని వాళ్ళు అతని చెవిన పడేలా చెప్పుకుంటారు. అది పన్నాగమని మనకు తెలుసు. వాళ్ళు వెళ్ళగానే బయటికొచ్చి, పెళ్ళి చేసుకోవడం లోకానికి తాను చేసే ఉపకారమన్నట్టు మనకే నచ్చజెబుతాడు. ఆనాటి లండన్ బహిరంగ నాటకశాలల్లో ఆట పట్టపగలే. నటుడికి ఎదుట ముఖాలన్నీ కనిపించేవి. తనను తాను మోసం చేసుకుంటూ, దానికి మన కళ్ళలోకి చూసి సాక్ష్యం అడిగేవాడన్నమాట. నవ్వుతూనే అతని పక్షం చేరిపోతాం.

బియాట్రిస్‌కి దక్కింది పది పాదాలే. అంతవరకూ వచనంలో చురకలు వేసిన మనిషి, అదే వలలో పడ్డాక ప్రాసలతో పద్యం అందుకుంటుంది. ఒక్క హాస్యోక్తి లేదు. దీన్ని కూడా నవ్వులకోసం వాడుకునే నటి నాలుగో అంకంలో నష్టపోతుంది. క్లాడియోని చంపమని బెనెడిక్‌ని అడిగినప్పుడు ఆమెను నమ్మేది ఈ పది పాదాల బలంతోనే.

క్లాడియోకీ చిన్న స్వగతం ఉంది. తాను ప్రేమించిన అమ్మాయిని రాకుమారుడు సొంతానికే అడుగుతున్నాడని ఎవరో అంటే చాలు, నిజమనుకుంటాడు. పెళ్ళిపీటల మీద ఆమెను రచ్చకీడ్చబోయేవాడు ఎలాంటివాడో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక హీరో. పెళ్ళికూతురి పేరే అది. ఆమెకు ఒక్క స్వగతమూ లేదు. నింద పడి, చనిపోయిందని చాటించి, ముసుగుతో వచ్చి మళ్ళీ క్లాడియోనే చేసుకుంటుంది. మనసులో ఏముందో మనకు చెప్పదు. ఆ పెళ్ళికి మనం చప్పట్లు కొడతాం గానీ, బెనెడిక్ పెళ్ళికి కొట్టినంత గట్టిగా కాదు.

స్వగతంతో మనల్ని పాత్ర పక్షం చేర్చే ఈ కిటుకు గురజాడ ఎరిగినవాడు. ‘కన్యాశుల్కం’ బొంకులదిబ్బ దగ్గర ఒంటరి గిరీశంతో మొదలవుతుంది. మోసగాడని ఈసడించుకునే లోపే మనం అతని జట్టు.

నిడివి తగ్గించాలనుకునే దర్శకుల కత్తెర ఒక్కోసారి స్వగతాల మీద పడుతుంది. ‘మచ్ అడో’లో డాగ్‌బెర్రీ అనే అధికారి, అతని కాపలావాళ్ళ సంభాషణ కొంత కోసినా కథ నడుస్తుంది. కానీ బియాట్రిస్ పది పాదాలను కోయకూడదు; వాటికి నిమిషం కూడా పట్టదు.