గుళ్ళు కొనేటప్పుడు సీసం సంగతి మరువకండి



మన కోనసీమ తీర్థాలకు వెళ్ళినవారికి బూరలు పేల్చే తుపాకీ కొట్టు కొత్త కాదు. తుపాకీని మడిచి గుండు పెట్టడానికి రెండు చేతులూ కావాలి. అందువల్ల మిగిలిన గుళ్ళను పెదవుల మధ్య పట్టుకొనే పిల్లలు ఉంటారు. చూసేవారికి అది ముచ్చటగా తోస్తుంది. వైద్యునికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. ఆ గుళ్ళు సాధారణంగా సీసంతో చేసినవి.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఆ నగరానికే చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు సాధించింది. వారిని చూసి అమలాపురంలోనో రాజోలులోనో ఒక బాలిక రైఫిల్ పడతానంటే సంతోషించవలసిందే. అయితే గుళ్ళు కొనేటప్పుడు అందరూ గురినీ, ధరనూ చూస్తారు. అవి ఏ లోహంతో చేసినవో కూడా చూడాలన్నదే నా మనవి.

ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మింగిన సీసాన్ని పిల్లలు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తారనీ, హాని చేయని మోతాదంటూ ఏదీ లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎయిర్ రైఫిల్‌లో వాడే 4.5 మిల్లీమీటర్ల గుళ్ళు తగరం మిశ్రమంతోనూ దొరుకుతాయి. వాటి ధర ఎక్కువ, గురి కొంత తగ్గవచ్చు. గట్టివి కనుక ఎదురు తగిలి వెనక్కి ఎగిరే ప్రమాదమూ ఎక్కువే. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. అయినా నిలబడే తీరు, ఊపిరి బిగపట్టడం, మీట నొక్కడం నేర్చుకొనే తొలి నెలల్లో ఆ కాస్త తేడా లెక్కలోనిది కాదు. పోటీల స్థాయికి ఎదిగాక సీసపు గుళ్ళు జాగ్రత్తగా వాడుకోవచ్చు.

ఎన్.సి.సి. విద్యార్థులు కాల్చే .22 రైఫిల్ సంగతి వేరు. అందులో మందు మండుతుంది. తూటా తలలోనే కాక, నిప్పు రగిలించే మిశ్రమంలోనూ సాధారణంగా సీసం ఉంటుంది. అది పొగతో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. తలకు రాగి తొడుగు ఉన్నా ఆ పొగ పోదు. కాబట్టి గాలి సరిగా ఆడని గదిలో అభ్యాసం వద్దు.

శబ్దం మరో సమస్య. ధ్వనికంటే తక్కువ వేగంతో, అంటే సెకనుకు సుమారు 330 మీటర్లతో, వెళ్ళే తూటాలను ఎంచుకుంటే గాలిని చీల్చే చప్పుడు ఉండదు. గురికీ అవే మేలు. అయినా పేలుడు శబ్దం 140 డెసిబెళ్ళ వరకు చేరవచ్చు. లోపలి చెవిలో చచ్చిన కణాలు తిరిగి పుట్టవు. ఇయర్ మఫ్ లేనిదే ఒక్క తూటా కూడా కాల్చవద్దు.

అభ్యాస స్థలంలో తినవద్దు, నీళ్ళు తాగవద్దు. ముగిశాక సబ్బుతో, చల్లని నీటితో చేతులూ ముఖమూ కడుక్కోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. నేలను పొడిగా ఊడ్చక, తడిగుడ్డతో తుడవాలి. తరచుగా కాల్చేవారు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు ఈ అభ్యాసానికి దూరంగా ఉండటం మంచిది.

మీ బిడ్డను శిక్షణలో చేర్చే రోజున శిక్షకుణ్ణి రెండే ప్రశ్నలు అడగండి: "ఈ గుళ్ళు దేనితో చేసినవి? చేతులు కడుక్కొనే కుళాయి ఎక్కడ?" వీటికి జవాబు లేని చోట బిడ్డను చేర్చకండి.